డీ-అడిక్షన్ సెంటర్ ఉద్యోగం: పని ఇష్టమే, ఒళ్లూ మనసూ మాత్రం అలిసిపోయాయి. ఉండాలా, మానేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్లో రెండేళ్లుగా కౌన్సెలర్‌గా ఉన్నారు. పని ఇష్టమే. కానీ డిశ్చార్జ్ చేసి పంపిన మనిషి నెల తిరక్కుండానే మళ్లీ అదే మంచం మీదకి వస్తుంటే మనసు విరిగిపోతోంది, ఇంటికెళ్లాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు, నిద్ర కోసం ఈమధ్య మాత్ర వేసుకుంటున్నారు, ‘ఈ పనికి నేను పనికిరానేమో’ అంటున్నారు. నేను ఇదే ఊళ్లో ముందు ప్రభుత్వ ఆసుపత్రి వార్డులో, తర్వాత ఒక ఎన్జీఓ సెంటర్లో, ఇప్పుడు ఓపీలో, చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, కొత్తగా వచ్చే కౌన్సెలర్లకి శిక్షణ కూడా ఇస్తున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీరు పనికిరాని మనిషి కాదు, ముందు ఆ అనుమానం తీసేయండి. ఇష్టం ఉంటే అలసట రాదని, అలసట వచ్చిందంటే ఇష్టం చచ్చిపోయిందని అందరూ అనుకుంటారు గానీ ఈ రెండూ ఒకే మనిషిలో ఒకే రోజు ఉంటాయి. సాయం చేసే వృత్తుల్లో ఉన్నవాళ్ల కోసం ప్రోక్వాల్ అనే 30 ప్రశ్నల పట్టిక ఒకటుంది. అందులో పని వల్ల వచ్చే తృప్తికి ఒక లెక్క, బర్నౌట్‌కి (పని ఒత్తిడితో ఒళ్లూ మనసూ పూర్తిగా అలిసిపోవడానికి) ఒక లెక్క, ఎదుటివాళ్ల కష్టాలు విని విని మనకి పట్టుకునే బాధకి ఇంకో లెక్క విడివిడిగా వేస్తారు, ఎందుకంటే మూడూ వేరువేరు సంగతులు. నేను శిక్షణ ఇచ్చే పిల్లల చేత ఇది చేయించినప్పుడు తృప్తి బాగా ఎక్కువ, బర్నౌట్ కూడా బాగా ఎక్కువ వచ్చిన వాళ్లని ప్రతిసారీ చూస్తాను. వాళ్లలో చాలామంది మంచి కౌన్సెలర్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో బర్నౌట్‌ని జబ్బుగా రాయలేదు, పనికి సంబంధించిన పరిస్థితిగా రాసింది. పనిచేసే చోట ఒత్తిడి చాలాకాలంగా ఉండి, దాన్ని సరిగా చూసుకోకపోతే వస్తుందని అందులో ఉంది. మీ సెంటర్లో ఎవరైనా ‘నువ్వు సెన్సిటివ్, అందుకే ఇలా’ అంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ పనిలో మనల్ని తినేసేది కష్టం ఒక్కటే అయితే ఇంతమంది మానేయరు. మన పనిలో ఫలితం మన కళ్లకి కనబడదు, అది ఎక్కువ తినేస్తుంది. ఎలాగో చెప్తాను.

తాగుడు ఆపిన రెండో రోజో మూడో రోజో డెలీరియం (మతి తప్పి లేనివి కనబడే స్థితి) వస్తే ఎలా ఉంటుందో మీరూ చూసుంటారు. మా వార్డులో ఒకసారి ఒక ఆటో డ్రైవర్. అర్ధరాత్రి దాటింది, మంచం మీద లేచి కూచుని రెండు చేతులూ ముందుకి చాపి హ్యాండిల్ పట్టుకున్నట్టు, కుడి చెయ్యి మాటిమాటికీ తిప్పుతున్నాడు, యాక్సిలరేటర్ అన్నమాట. ఒళ్లంతా చెమట, చూపు ఎక్కడో ఉంది. డ్యూటీలో ఉన్న నర్సమ్మని చూసి ‘యాడికి పోవాలె అమ్మా, సికింద్రాబాద్ స్టేషనా?’ అన్నాడు. ఆవిడ ఆ మంచం పక్కనే స్టూలు వేసుకుని ‘అవునన్నా, మెల్లగా పోనీ, తొందరేం లేదు’ అంటూ పల్స్ చూసింది, బీపీ రాసుకుంది, డాక్టర్‌కి ఫోన్ చేసి డోసు పెంచమంటారా అని అడిగింది, బీ1 ఇంజెక్షన్ పడ్డాకే గ్లూకోజ్ బాటిల్ ఎక్కించింది. తెల్లారేదాకా అతన్ని మంచం దిగనివ్వలేదు, కట్టేయనూ లేదు. డెలీరియంకి సరిగా చికిత్స జరగకపోతే మనుషులు చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఆ రాత్రి ఆవిడ ఒక ప్రాణం కాపాడింది.

రెండు మూడు రోజులకి అతను తేరుకున్నాడు. మొదట అడిగిన మాట ‘నా బండి ఏడున్నది?’ అని. ఆ తర్వాత నర్సు మందులిస్తుంటే ‘మీరు కొత్తగా వచ్చిన్రా మేడమ్?’ అని చాలా మర్యాదగా అడిగాడు. అతనికి ఆ రాత్రి ఏమీ గుర్తులేదు, డెలీరియంలో జరిగింది గుర్తుండని వాళ్లు చాలామందే ఉంటారు. గుండె ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి జీవితాంతం దండం పెడతారు. ఇక్కడ మనం చేసిన అతి పెద్ద పని ఎవరి కోసం చేశామో వాళ్లకే తెలియదు. కేస్ షీట్‌లో ‘పేషెంట్ స్టేబుల్’ అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ నర్సమ్మకి ఆ పొద్దున ఎవరైనా ‘రాత్రి బాగా చూసుకున్నావమ్మా’ అని ఉంటే బాగుండేది. మేం ఆ తర్వాత షిఫ్ట్ మారేటప్పుడు ఐదు నిమిషాలు దానికోసమే పెట్టుకున్నాం. రాత్రి ఏం జరిగింది, ఎవరు ఏం చేశారు, పేర్లతో సహా చెప్పుకోవడం. ఖర్చు లేదు, పెద్ద ఏర్పాటూ లేదు.

ఫలితం కనబడకపోవడానికి ఇంకో కారణం ఉంది. ‘అందరూ మళ్లీ తాగుతున్నారు’ అని మీరు రాశారు చూశారా, ఆ మాటలో ఒక పొరపాటు దాగి ఉంది. దీన్ని అమెరికన్ పరిశోధకులు ప్యాట్రీషియా కోహెన్, జేకబ్ కోహెన్ 1984లోనే రాశారు. వార్డులో పనిచేసేవాళ్లకి తీవ్రంగా, చాలాకాలంగా జబ్బున్న వాళ్లే పదే పదే ఎదురవుతారు, నయమైన వాళ్లు మళ్లీ గడప తొక్కరు, దాంతో జబ్బు అసలు ఉన్నదానికన్నా మొండిదిగా కనబడుతుంది. మానేసిన మనిషి మీ సెంటర్‌కి ఎందుకు వస్తాడు? అతను కూకట్‌పల్లిలో ఏదో షాపులో పని చేసుకుంటూ ఉంటాడు, ఆ వీధిలోకి రావడానికి కూడా సిగ్గుపడతాడు. మళ్లీ తాగినవాడు మాత్రం మూడోసారి, నాలుగోసారి వస్తాడు. మీ రెండేళ్ల జ్ఞాపకమంతా వచ్చినవాళ్లతోనే నిండిపోయింది.

రిలాప్స్ (మానేశాక మళ్లీ మొదలెట్టడం) సంగతికి వస్తే, అమెరికాలో మత్తు వ్యసనాల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నైడా చెప్పే లెక్క 40 నుంచి 60 శాతం. బీపీ, ఆస్తమా మందులు మానేసి మళ్లీ ముదరబెట్టుకునే వాళ్లు కూడా సుమారు అంతే ఉంటారని ఆ సంస్థే పక్కన పెట్టి చూపిస్తుంది. బీపీ పేషెంట్ మాత్రలు మానేసి వస్తే డాక్టర్ తిడతాడేమో గానీ తన చదువు వృథా అయిందని రాత్రంతా ఏడవడు. మన దగ్గర పేషెంట్ మళ్లీ తాగితే వాళ్లమ్మా, పెళ్లామూ, చివరికి మన మేనేజ్‌మెంట్ కూడా మన మొహం వంకే చూస్తారు.

మన ఊరి సంగతులు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ మనం మందుతో పాటు కల్తీ కల్లుతో కూడా కుస్తీ పడుతున్నాం, అందులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. ‘కల్లే కదా మేడమ్’ అని వచ్చిన మనిషికి నిజానికి మత్తుమాత్రల విత్‌డ్రాయల్ (అలవాటైన మత్తు ఆగినప్పుడు వచ్చే బాధలు) ఉంటుంది, ఫిట్స్ వస్తాయి. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో కల్లు కాంపౌండ్లు, వైన్‌షాపులు ఒక్కసారిగా మూతబడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఎలా కిటకిటలాడిందో పేపర్లన్నీ రాశాయి. ఆ రోజుల్లో డ్యూటీలు చేసినవాళ్లలో కొందరు ఇప్పటికీ ఆ మాటెత్తితే మౌనంగా ఉండిపోతారు. మామూలు రోజుల్లో కూడా బోనాలు, దసరా, పెళ్లిళ్ల సీజన్, డిసెంబర్ 31 దాటాక అడ్మిషన్లు పెరుగుతాయి, ఇది నేను ఏటా చూసేదే. దసరా దావత్‌లో మళ్లీ మొదలెట్టిన మనిషికి మీ కౌన్సెలింగ్ పనిచేయలేదని అర్థం కాదు. మేనమామ బలవంతం చేస్తే కాదనడం ఎంత కష్టమో మనకి తెలియదా? దసరాకి ముందు వారం ఫోన్ చేసి ‘ఏం అనుకున్నావు, ఎవరింటికి పోతున్నావు, అడిగితే ఏం చెప్తావు’ అని మాట్లాడటం మాత్రం మన చేతిలో ఉంది.

ఇంకో పెద్ద లెక్క. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతారు, 5.7 కోట్ల మందికి దానివల్ల వచ్చిన సమస్యకి సాయం కావాలి, వ్యసనం పట్టుకున్న వాళ్లలో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మందికి మనలాంటి వాళ్లు లేరు. మీ మీద ఇంత బరువు పడటానికి ఇదొక కారణం. ఒక్కో కౌన్సెలర్ నెత్తిన ఎన్ని కేసులుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

మరి కౌన్సెలర్లు ఉద్యోగం ఎందుకు మానేస్తారు? పేషెంట్ల వల్ల అనుకుంటారు. అమెరికాలో వ్యసన చికిత్సా కేంద్రాల మీద 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏడాది తిరిగేసరికి దాదాపు మూడో వంతు కౌన్సెలర్లు ఉద్యోగం వదిలేశారని తేలింది. అక్కడే హానా నుడ్సెన్ బృందం కౌన్సెలర్లని అడిగి చూస్తే, మంచి సూపర్‌విజన్ ఉన్నచోట, పనిలో కాస్త స్వేచ్ఛ ఉన్నచోట, నిర్ణయాలు న్యాయంగా జరుగుతున్నాయన్న నమ్మకం ఉన్నచోట మానసికంగా అలిసిపోవడం తక్కువ, మానేయాలన్న ఆలోచన కూడా తక్కువ అని కనబడింది. అది వేరే దేశం, జీతాలు వేరు, నాకు తెలుసు. కానీ నా కళ్లముందు మానేసిన పిల్లలు వెళ్తూ వెళ్తూ చెప్పిన కారణాలు కూడా ఇవే. ‘తిట్టిన పేషెంట్‌ని భరించాను అక్కా, పేషెంట్ తిట్టాడని చెప్తే నవ్విన మేనేజర్‌ని భరించలేకపోయాను’ అని ఒక అమ్మాయి అంది. ఇంకో అబ్బాయికి గ్రాంట్ రాలేదని నెలల తరబడి జీతం ఆపారు, ఆ నెలల్లోనూ రోజూ వచ్చి గ్రూపులు నడిపాడు, గ్రాంట్ వచ్చాక కూడా ఎవరూ ఒక్క మాట అనలేదని మానేశాడు.

మన దగ్గర సూపర్‌విజన్ అంటే రిజిస్టర్ మీద సంతకం పెట్టడం అనుకుంటారు. కావలసింది వారానికి ఒక గంట, మీకన్నా అనుభవం ఉన్న మనిషి ఎదురుగా కూచుని ‘ఈ కేసులో నేను ఎక్కడ ఇరుక్కుపోయాను’ అని మాట్లాడుకోవడం. మీ సెంటర్లో అలాంటి మనిషి లేకపోతే బయట వెతుక్కోండి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు వర్చువల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ పేరుతో ఆన్‌లైన్‌లో కేసు చర్చలు నడుపుతారు, ఊరు కదలకుండా చేరొచ్చు. అది కుదరకపోతే వేరే సెంటర్లలో పనిచేసే ముగ్గురు నలుగురు కలిసి ఆదివారం ఒక గంట కూర్చోండి, పేషెంట్ పేరూ ఊరూ ఎత్తకుండా. మా గుంపు అలాగే మొదలైంది, ఇప్పటికీ ఎవరికి ఏ కేసు బరువైనా మొదటి ఫోన్ ఆ గుంపుకే వెళ్తుంది.

ఇక మీరు ఈ నెలలో చేయగలిగినవి చెప్తాను. అన్నిటికన్నా ముఖ్యమైంది ఫాలో-అప్ గ్రూపు. మీరు రోజంతా వార్డులోనే ఉంటే ‘అందరూ మళ్లీ తాగుతున్నారు’ అన్న ఆ భ్రమ నుంచి బయటపడలేరు. వారానికి ఒక పూట, శనివారం సాయంత్రమైతే పనులకి వెళ్లేవాళ్లకి కుదురుతుంది, డిశ్చార్జ్ అయినవాళ్లూ ఇంటివాళ్లూ వచ్చి టీ తాగి మాట్లాడుకునే గ్రూపు పెట్టమని మేనేజ్‌మెంట్‌ని అడగండి. వాళ్లకీ లాభమే కాబట్టి సాధారణంగా కాదనరు. ఆరు నెలలుగా మానేసిన మనిషి వచ్చి ‘మొన్న బిడ్డకి ఫీజు కట్టిన మేడమ్’ అని చెప్పడం మీరు వినాలి. రెండోది, కొలత మార్చుకోండి. ‘పూర్తిగా మానేశాడా లేదా’ ఒక్కటే కొలతగా పెట్టుకుంటే ఏడాదిలో మీరు కుప్పకూలిపోతారు. పోయినసారి ఫిట్స్ వచ్చాక తెచ్చారు, ఈసారి తాగిన మూడో రోజే తనంతట తాను నడిచి వచ్చాడు, అది పెద్ద మార్పు. ఏడాదిలో పన్నెండు నెలలు తాగినవాడు నాలుగు నెలలు తాగాడు, ఇంట్లో కొట్టడం ఆగింది, పని పోలేదు. ఇవి కేస్ షీట్‌లో రాయండి, రాయకపోతే మీకే గుర్తుండవు.

సొంత ఫోన్ నంబర్ పేషెంట్లకి ఇవ్వకండి, ఇచ్చి ఉంటే సెంటర్ నంబర్‌కి మళ్లించండి. అర్ధరాత్రి ఎవరో ఒకరి భార్య ఏడుస్తూ ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండలేం. అందుకే ఆ ఫోన్ ఎత్తడానికి డ్యూటీలో ఒక మనిషి ఉండాలి, రోజూ మీరే ఉండకూడదు. ఆడవాళ్లు మగ వార్డులో ఒంటరిగా రాత్రి డ్యూటీ చేయకూడదు, ఇంటికి బండి ఏర్పాటు ఉండాలి. ఇది అడగడానికి మొహమాటపడే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది.

మీ సహోద్యోగుల్లో ఒకప్పుడు తాగి మానేసినవాళ్లు ఉంటే వాళ్లని కాస్త కనిపెట్టుకుని ఉండండి. పేషెంట్లు మన మాటకన్నా వాళ్ల మాట వింటారు, దాంతో పగలూ రాత్రీ వాళ్లనే వాడేస్తారు. వాళ్లకీ తాగుడు మానేసినవాళ్ల మీటింగ్‌కి వెళ్లడానికి టైమ్ కావాలి. పేషెంట్‌గా వచ్చిన మనిషిని మానేసిన కొద్ది నెలలకే స్టాఫ్‌గా పెట్టేసుకోవడం నాకు అస్సలు నచ్చదు. అలా పెట్టిన ఒక కుర్రాడు మళ్లీ తాగినప్పుడు ఉద్యోగం, మంచం, నమ్మకం మూడూ ఒకేసారి పోయాయి.

నిద్రమాత్ర గురించి. డాక్టర్ రాయకుండా స్టాక్‌లోంచి తీసుకుంటున్నారని అనిపించింది, తప్పయితే క్షమించండి. అది ఆల్ప్రాజోలంలాంటిదైతే అది ఎక్కడికి తీసుకెళ్తుందో మీరే రోజూ చూస్తున్నారు. వారాల తరబడి రోజూ వేసుకుంటూ ఉంటే ఒక్కసారిగా ఆపేయకండి, మీ సెంటర్‌తో సంబంధం లేని సైకియాట్రిస్ట్ దగ్గరికి ఈ వారంలోనే వెళ్లి తగ్గించే పద్ధతి రాయించుకోండి. అంతలో రాత్రిపూట మరీ భారంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. మనం పేషెంట్లకి ఇచ్చే నంబర్ మనకీ పనికొస్తుంది. మన వృత్తిలో ఉన్నవాళ్లు సాయం అడగడానికి చాలా ఆలస్యం చేస్తారు, మీరు చేయకండి.

ఇక ఉండాలా, వెళ్లాలా. ఒక్క పరిస్థితిలో మాత్రం ఆలోచించకుండా వెళ్లిపోండి. మీ సెంటర్లో పేషెంట్లని కొడుతున్నా, గొలుసులు వేస్తున్నా, చెప్పిన మాట వినలేదని గదిలో వేసి తాళం పెడుతున్నా, అక్కడ మీకు కలిగే బాధకి సెలవులూ సూపర్‌విజన్ మందు కావు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక పరిస్థితులకీ వర్తిస్తుంది. గొలుసులతో కట్టడాన్నీ ఒంటరిగా బంధించడాన్నీ పూర్తిగా నిషేధించింది, కట్టేయడాన్ని శిక్షగా వాడకూడదంది, స్టాఫ్ తక్కువ ఉన్నారన్న కారణంతో అస్సలు వాడకూడదంది. సెంటర్‌కి రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే రేపు ఏదైనా జరిగితే కేసు మీ మీదకీ రావచ్చు. ఇంటివాళ్లు ఫోన్ చేస్తే నలుగురు వెళ్లి మనిషిని ఎత్తుకొచ్చే ‘పికప్’లకి మిమ్మల్నీ పంపుతుంటే కూడా ఇదే మాట.

అలాంటిదేమీ లేకపోతే మూడు నెలలు గడువు పెట్టుకోండి. వారానికి ఒక గంట కేసు చర్చ, ఫాలో-అప్ గ్రూపు, నెలకి ఇన్ని నైట్ డ్యూటీలకి మించకూడదన్న లెక్క, ఈ మూడూ కాగితం మీద రాసి అడగండి. నోటిమాటగా అడిగితే ‘చూద్దాం’ అంటారు. మూడు నెలల్లో ఒక్కటీ కదలకపోతే చోటు మారండి, వృత్తి మారక్కర్లేదు. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల సైకియాట్రీ ఓపీలున్నాయి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) కింద, హెరాయిన్‌లాంటి మత్తుకి అలవాటుపడ్డవాళ్లకి దాని బదులు బ్యూప్రెనార్ఫిన్ అనే మందు ఇచ్చే ఓఎస్‌టీ సెంటర్లున్నాయి. ఓఎస్‌టీలో పేషెంట్ తరచుగా వస్తాడు, కాబట్టి మార్పు కళ్లముందే కనబడుతుంది, వార్డులో విసిగిపోయిన కొందరు అక్కడికి వెళ్లి కుదురుకున్నారు. అడ్మిషన్లతో సంబంధం లేకుండా స్కూళ్లలో, బస్తీల్లో నివారణ పని చేసేవాళ్లూ ఉన్నారు.

వెళ్లే ముందు మాత్రం మీ చేతిలో ఉన్న కేసులు వేరే కౌన్సెలర్‌కి పేరు పేరునా అప్పజెప్పి, పేషెంట్లకి మీరే ముందుగా చెప్పండి. చెప్పకుండా మాయమైతే వాళ్లు అది తమ తప్పే అనుకుంటారు, కొందరు ఆ వంకతోనే మళ్లీ మొదలెడతారు. కనీసం రెండు వారాల ముందు చెప్పండి, గ్రూపులో ఒకసారి, విడిగా ఒకసారి. మీ సెంటర్లో ఎన్ని మంచాలు, ఎంతమంది కౌన్సెలర్లు, నెలకి ఎన్ని నైట్ డ్యూటీలు పడుతున్నాయో కింద రాస్తే, ఆ కాగితంలో ఏం అడగాలో ఇంకాస్త వివరంగా చెప్తాను.